ఎర్రబడిన వాల్వు

సంగీతం మొదలై పది నిమిషాలయింది. గదిలో దీపం ఆర్పి ఉన్నది. పాత ఆంప్లిఫయరు మీద నిలబడిన నాలుగు పెద్ద వాల్వుల నడుమ ఫిలమెంట్లు నారింజవన్నెలో మెల్లగా వెలుగుతున్నవి. అంతవరకు చూడముచ్చటైన దృశ్యమే. కాని ఒక వాల్వులో ఆ వెలుగు నడుమనే ఆగలేదు. చుట్టూ ఉన్న బూడిదవన్నె లోహపు తొడుగు మీద ఒక ఎర్రని మచ్చ పొడచూపి, కుంపటిలో బొగ్గు రాజుకొన్నట్టు అంతకంతకు పెద్దదవుతున్నది. ఆ క్షణాన చేయవలసిన పని ఒక్కటే: స్విచ్చి కట్టివేయడం. కొద్ది నిమిషాలు ఉపేక్షిస్తే వాల్వు పోతుంది. దానితోపాటు, అంత సులభంగా దొరకని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిపోవచ్చు.

ఆ ఆంప్లిఫయరు డైనకో స్టీరియో 70 అనుకుందాం. అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన డైనకో సంస్థ 1959లో దానిని విడుదల చేసింది. విడిభాగాలుగా కొని ఇంట్లో బల్లమీద ఎవరికి వారు కూర్చుకోగల యంత్రం అది. ఒక్కొక్క వైపు 35 వాట్ల శక్తి. ఆనాడు తాత కూర్చినది ఈనాడు మనుమడి చేతికి వచ్చి, అటకమీది దుమ్ము దులిపించుకొని మళ్ళీ పాడడం ఆ దేశంలో అరుదైన సంగతి కాదు.

వాల్వు యంత్రం వేడెక్కడం దానంతట అది రోగం కాదు. ఇందులోని ఇ.ఎల్. 34 వాల్వు ఒక్కొక్కటి హీటరు కోసమే తొమ్మిది వాట్లకు పైగా తీసుకొంటుంది. ప్లేటు మీద 400 వోల్టులకు పైబడిన ఒత్తిడి, దాని గుండా 50 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం ఉంటే మరొక 20 వాట్లు. అటువంటివి నాలుగు! పక్కనున్న పవర్ ట్రాన్స్‌ఫార్మరు మీద చేయి ఎక్కువసేపు నిలవదు. అది దాని స్వభావం. ప్లేటు ఎర్రబడడం మాత్రం స్వభావం కాదు. ప్లేటు భరించగలిగినది 25 వాట్లే; ఆ హద్దు దాటిందని చెప్పే ఆనవాలు ఆ ఎరుపు.

హద్దు ఎందుకు దాటింది? వాల్వులోని గ్రిడ్డు చెరువు తూముకు వేసిన తలుపు వంటిది. దానిమీద 30 వోల్టులకు పైబడిన ఋణ వోల్టేజి ఉండాలి. దానినే బయస్ అంటారు. బయస్ తగ్గినకొద్దీ తలుపు లేచి, ప్రవాహం పొంగుతుంది. చాలామంది చేసే పొరపాటు, ఎర్రబడిన వాల్వును తీసి కొత్తది పెట్టి ఊరుకోవడం. అప్పుడు ఖరీదైన కొత్త వాల్వు కూడా ఎర్రబడుతుంది.

పరీక్షకు పూనుకొనేముందు ఒక హెచ్చరిక. ప్లగ్గు ఊడదీసినంత మాత్రాన అపాయం తొలగిపోదు. ఫిల్టరు కండెన్సర్లలో నిలిచి ఉన్న విద్యుత్తు మనిషి ప్రాణం తీయగలదు. కొన్నివేల ఓముల రెసిస్టరు ద్వారా దానిని నేలకు వదిలి, మీటరుతో సున్నా చూసిన తరువాతనే చేయి పెట్టాలి. విద్యుత్తు ఉండగా కొలిచేటప్పుడు ఒక చేతిని వీపు వెనుక ఉంచుకోవడం పాత మెకానిక్కులు పాటించే నియమం. ప్రవాహం ఒక చేతి నుంచి రెండవ చేతికి గుండె మీదుగా పోకుండా కాపాడే నియమమది. ఇవి అలవాటు లేనివారు అక్కడితో ఆగి, తెలిసినవారికి అప్పగించడమే మంచిది.

మొదటి పరీక్షకు మీటరు కూడా అక్కరలేదు. యంత్రం చల్లారిన తరువాత ఎర్రబడిన వాల్వును పక్క వాల్వు స్థానంలోకి మార్చి, కన్ను తిప్పకుండా కనిపెట్టి ఉండాలి. ఎరుపు వాల్వుతోపాటు కదిలితే దోషం వాల్వుది. పాత స్థానంలోనే నిలిచిపోతే దోషం సాకెట్టు కింద ఉన్నది.

కింద మొదట అనుమానించవలసినది కప్లింగ్ కండెన్సరు. ముందు దశలోని ఎక్కువ వోల్టేజిని గ్రిడ్డు దాకా రానీయకుండా ఆపడం దాని పని. వయసు మీరితే కారుతుంది. ఎంత కారితే ప్రమాదం? గ్రిడ్డుకు కలిపిన రెసిస్టరు 270 కిలో ఓములు. ఒక మిల్లీ ఆంపియరులో ఇరవయ్యో వంతు కారినా 13.5 వోల్టుల బయస్ హరించుకుపోతుంది! వాల్వులు తీసివేసి, సాకెట్టులో 5వ పిన్నుమీది ఋణ వోల్టేజిని కొలిస్తే గుట్టు బయటపడుతుంది. అయితే వాల్వులు లేనప్పుడు భారం తగ్గి, ప్లేటు వోల్టేజి మామూలుకంటె ఇంకా పైకి పోతుందని మరువరాదు.

ఒకటి గాక నాలుగు వాల్వులూ మితిమీరి వేడెక్కుతూ ఉంటే, బయస్ కంట్రోలు చివరిదాకా తిప్పినా ప్రవాహం తగ్గకపోతే, చూపు సెలీనియం రెక్టిఫయరు వైపు తిప్పాలి. బయస్‌ను పుట్టించేది అదే. ఏళ్ళు గడిచిన సెలీనియంలో నిరోధం పెరిగి, అది ఇచ్చే వోల్టేజి కుంగిపోతుంది. దాని స్థానంలో చిన్న సిలికాన్ డయోడు, పక్కన రెండు కొత్త ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు వేస్తే సరిపోతుంది. ఖర్చు స్వల్పం.

అన్నీ మార్చినా, పటంలో వ్రాసినదానికంటె మీటరు ఎక్కువ చూపవచ్చు. కారణం యంత్రంలో లేదు, గోడలో ఉన్నది. ఈ ట్రాన్స్‌ఫార్మరు 117 వోల్టుల కోసం చుట్టినది. ఇప్పుడు అమెరికా ఇళ్ళలో వచ్చేది 120, ఒక్కొక్కచోట 124. ఈ ఏడు వోల్టులే లోపల పెద్దవవుతవి. 6.3 వోల్టుల హీటరుకు 6.7 దాకా అందుతుంది. దాని వేడి సుమారు 12 శాతం పెరుగుతుంది. ప్లేటు వోల్టేజి పాతిక వోల్టులు ఎగబాకుతుంది. మన ఇళ్ళలోని అనేక వాల్వు రేడియోలకు వెనుక సరఫరాకు తగినట్టు మార్చుకొనే వోల్టేజి మీట ఉండేది. అమెరికా ఇంటి కోసం చేసిన దీనికి అది లేదు. హీటరు దగ్గర మీటరు ఉంచి, 6.3 వచ్చేదాకా వేరియాక్‌తో సరఫరాను తగ్గించడం ఉత్తమం.

చివరకు మిగిలేది బయస్ సవరణ. ఒక్కొక్క జత వాల్వులకు 15.6 ఓముల రెసిస్టరు ఒకటి ఉన్నది. రెండు వాల్వులూ చెరి 50 మిల్లీ ఆంపియర్లు తీసుకొంటే దానిమీద సరిగ్గా 1.56 వోల్టులు కనబడాలి. ఈ వింత అంకె ఎందుకంటే, కొత్త టార్చిలైటు సెల్ ఇచ్చే వోల్టేజి దాదాపు అంతే! చవక మీటరు ఉన్నవాడు ముందు సెల్‌ను కొలిచి, ముల్లు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకొని, ఆంప్లిఫయరులోనూ ముల్లు అక్కడికే వచ్చేలా కంట్రోలు తిప్పుకొంటే చాలు. అరగంట వేడెక్కనిచ్చి మరొకసారి చూసుకోవాలి. ముల్లు కాస్త జరిగి ఉంటుంది.