రబ్బరు కప్పతో కొరమీను వేట.. హుక్ ఎక్కించడంలోనే ఉంది అసలు కిటుకు!

వానలు పడి చెరువుల్లోకి కొత్త నీరు చేరిందంటే చీపురుపల్లి వైపు గాలాలు బయటికొస్తాయి. ఒకప్పుడు వానపామో, చిన్న కప్పో ఎర. ఇప్పుడు రీల్స్ చూసి సాఫ్ట్ ప్లాస్టిక్ ఎరలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు కుర్రాళ్లు. తీరా విసిరితే తూటికాడకో, గుర్రపు డెక్కకో తగులుకుని దారం తెగుతోంది. డబ్బులూ పోతున్నాయి, చేపా పోతోంది. ఎందుకిలా?

1949లో అమెరికాలోని ఒహాయోలో నిక్ క్రీమ్ అనే ఆయన ప్లాస్టిక్ వానపామును తయారు చేశారు. బాస్ చేప వేటతో ఈ ఎరలకు పేరొచ్చింది. ఆ వీడియోల్లోని లార్జ్‌మౌత్ బాస్ మన చెరువుల్లో దొరకదు. ఇక్కడ ఆ పాత్ర కొరమీనుది. మాటు వేసి మీదపడే రకం. పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కలుపు నిండిన లోతు తక్కువ నీటిలోనూ హాయిగా బతుకుతుంది. అంటే ఎర కలుపులోంచే జారుతూ రావాలి. హుక్ ముల్లు బయట ఉంటే ఆ పని జరగదు.

దీనికి రెండు దారులు. మొదటిది లోపల బోలుగా ఉండే కప్ప. రెండు ముళ్లూ దాని వీపుకు ఆనుకుని ఉంటాయి. చేప నొక్కినప్పుడే బయటపడతాయి. కొనేముందు బొటనవేలితో నొక్కి చూడాలి, మెత్తగా అణగకపోతే ఎంత రంగుగా ఉన్నా దండగే. నీళ్లు చిమ్మగానే కర్ర లాగేయొద్దు. ఒక్క క్షణం ఆగి, బరువు తెలిశాక లాగాలి.

రెండోది టెక్సాస్ రిగ్. మూడు, నాలుగు అంగుళాల చేప బొమ్మకు మెడ దగ్గర మెట్టులా వంగిన 3/0 లేదా 4/0 ఆఫ్‌సెట్ హుక్ సరిపోతుంది. ముల్లును ముక్కులో అర సెంటీమీటరు గుచ్చి కింద నుంచి బయటికి తీయాలి. ఎరను మెడ వరకు జరిపి హుక్‌ను తిప్పాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. హుక్‌ను ఎర పక్కన పెట్టి, వంపు ఎక్కడికొస్తుందో చూసుకుని సరిగ్గా అక్కడే గుచ్చాలి. ముల్లు కొన వీపు చర్మం కింద దాగాలి. ఎర వంకరైతే నీటిలో గిరగిరా తిరిగి దారం మెలిపడుతుంది. తీసి మళ్లీ గుచ్చడమే మేలు.

కలుపులో సీసం బరువు వద్దు. సాగే నైలాన్ దారం కన్నా 30, 40 పౌండ్ల అల్లిక దారం నయం, లాగిన బలమంతా ముల్లుకు చేరుతుంది. బరువున్న జిగ్ హెడ్ పనికొచ్చేది కలుపు లేని చోట. చంపావతి సముద్రంలో కలిసే కోనాడ లాంటి చోట్ల పండుగప్పకు అదే సరైనది. పేరులో బాస్ ఉన్న మన చేప కూడా అదే, ఏషియన్ సీబాస్.

మరో విషయం. వానాకాలంలో నీటిపై ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటుంది. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. రీల్స్‌లో సరిగ్గా దాని మీదకే కప్పను విసురుతారు. చేప పడుతుంది నిజమే, కానీ ఆకలితో కాదు, పిల్లల కోసం. కాపలా పోతే ఆ పిల్లలు మిగతా చేపలకు మేతే. అలాంటి చోట గాలం వేయకపోవడమే ఆ చెరువుకు మంచిది.

ఇక చాలా చెరువులు మత్స్యకార సంఘాల లీజులో ఉంటాయి. ముందే అడిగి వెళ్లాలి, లేదంటే గట్టు మీదే గొడవ.