నొప్పి భయం పరీక్షకు అడ్డు కాకూడదు



మీరిచ్చే జకాత్, సదఖా, విరాళాల్లో కొంత భాగం ఏటా పేద స్త్రీల వైద్యానికి వెళుతోంది. మందులకు, స్కానింగులకు, ఆపరేషన్లకు సొసైటీ తరఫున సాయం చేస్తున్నాం. అయితే డబ్బు సిద్ధంగా ఉన్నా జరగకుండా ఆగిపోయే పరీక్షలు కొన్ని ఉన్నాయి. గర్భసంచికి సంబంధించిన పరీక్షలు వాటిలో ముఖ్యమైనవి. డాక్టరమ్మ రమ్మన్న రోజున ‘ఇంట్లో పనుంది’ అని ఆగిపోతారు. అసలు కారణం చాలాసార్లు పని కాదు. సిగ్గు, నొప్పి భయం. ఇంతకు ముందు చేయించుకున్న అక్కో, పిన్నో ‘ప్రాణం పోయినంత పనైంది’ అని చెప్పి ఉంటుంది. ఆ మాట ఎన్ని కరపత్రాలు పంచినా చెరగదు.

ఆలస్యం ఖరీదు చిన్నది కాదు. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేలమందికి పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది. ముందుగా కనిపెడితే నయమయ్యే జబ్బు ఇది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల స్త్రీలలో దీని పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి. దాన్ని కూడా ‘వేడి చేసిందేమో’ అనుకుని నెలల తరబడి దాచుకునేవారున్నారు.

ఆ పరీక్షలో ఏం చేస్తారు?

ఉదాహరణకు హిస్టెరోస్కోపీ. పెన్సిల్ కంటే సన్నటి గొట్టానికి అమర్చిన కెమెరాను గర్భసంచిలోకి పంపి, ఉప్పునీటితో లోపలి భాగాన్ని కొద్దిగా విప్పి చూస్తారు. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. మత్తు లేకుండా, ఆసుపత్రిలో చేరకుండా, సాధారణంగా కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది. కొందరికి నెలసరి నొప్పిలా ఉండి తగ్గిపోతుంది. మరికొందరికి, ముఖ్యంగా సాధారణ కాన్పు కాని వారికి, నెలసరి ఆగిపోయిన వారికి, ఎక్కువ బాధ కలగవచ్చు. భయపడేకొద్దీ కండరాలు బిగుసుకుంటాయి. బిగుసుకునేకొద్దీ నొప్పి పెరుగుతుంది.

కళ్లకు పెట్టే కొత్త సాధనం

ఇక్కడే వర్చువల్ రియాలిటీ అనే సాంకేతికత గురించి వైద్యులు ఆలోచిస్తున్నారు. ఇది కళ్లను పూర్తిగా కప్పే పెద్ద కళ్లద్దాల వంటి హెడ్‌సెట్. పెట్టుకుంటే సముద్రతీరమో, అడవో చుట్టూ ఉన్నట్టే కనిపిస్తుంది. తల ఎటు తిప్పితే దృశ్యం అటు తిరుగుతుంది.

నొప్పిని తెలుసుకోవడానికి మెదడుకు ధ్యాస కావాలి. ఆ ధ్యాసలో ఎక్కువ భాగం వేరేచోట నిలిస్తే నొప్పికి మిగిలేది తక్కువ. అమెరికాలోని సియాటెల్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ 1990లలో కాలిన గాయాల రోగులపై దీన్ని పరీక్షించారు. కట్లు మార్చేటప్పుడు రోగులు మంచులోయలో తిరుగుతూ మంచు ఉండలు విసిరే ‘స్నోవరల్డ్’ అనే ఆటను వారు తయారు చేయించారు. 2004లో ప్రచురించిన మెదడు స్కానింగ్ పరిశోధనలో, ఆ దృశ్యంలో ఉన్నప్పుడు నొప్పికి సంబంధించిన మెదడు భాగాల్లో చురుకుదనం తగ్గినట్టు కనిపించింది.

గర్భసంచి పరీక్షలో కదలకుండా పడుకోవాలి కాబట్టి ఆటలు పనికిరావు. నిదానంగా ఊపిరి తీసుకోమని చెప్పే ప్రశాంత దృశ్యాలు వాడతారు. 2021లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనంలో, హిస్టెరోస్కోపీకి వచ్చిన 40 మంది స్త్రీలలో హెడ్‌సెట్ పెట్టుకున్న వారికి సగటున నొప్పీ ఆందోళనా తక్కువగా ఉన్నాయి. తర్వాత జరిగిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు; కొన్నింటిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి ఇది సాయపడవచ్చు గానీ మంత్రం కాదు.

మన సోదరీమణుల విషయంలో

ఒక సంగతి మనం ప్రత్యేకంగా ఆలోచించాలి. పర్దా పాటించే స్త్రీకి, ఒంటి మీద బట్ట పక్కకు జరిగిన సమయంలో కళ్లు కూడా మూసేస్తే, గదిలోకి ఎవరు వస్తున్నారో తెలియక భయం పెరగవచ్చు. అందుకే హెడ్‌సెట్ కంటే ముందు కావలసినవి వేరే ఉన్నాయి. లేడీ డాక్టరు, పక్కన చెయ్యి పట్టుకునే నర్సు, గడియ వేసిన తలుపు, కప్పుకోవడానికి దుప్పటి. ముట్టుకునే ముందు ‘ఇప్పుడు ఇది చేస్తున్నాం’ అని చెప్పడం. ‘ఆపండి’ అంటే ఆపడం. వైద్యుల సలహాపై గంట ముందు నొప్పి మాత్ర వేసుకోవడం, అవసరమైతే తిమ్మిరి మందు ఇంజెక్షన్. భరించలేని వారికి మత్తు ఇచ్చి చేసే వీలు. ఇవన్నీ ఉన్నచోట హెడ్‌సెట్ తోడవుతుంది. ఇవి లేనిచోట అది కళ్లకు గంత మాత్రమే.

వాడినప్పుడు కూడా డాక్టరు మాట వినిపించేలా శబ్దం తక్కువగా ఉండాలి. ఫిట్స్ ఉన్నవారికి, తల తిరిగే జబ్బు ఉన్నవారికి ఇది తగదు. ప్రతి రోగి తర్వాత శుభ్రం చేయాలి, ముఖానికి తగిలే కవరు మార్చాలి. వద్దన్న వారిని బలవంతం చేయకూడదు. సంగీతం ఇష్టపడని వారికి అలల చప్పుడో, ఖుర్ఆన్ పారాయణమో వినిపించవచ్చు.

దాతలకు మా మనవి

ఇలాంటి పరికరం కొనాలంటే జకాత్ సొమ్ము ముట్టుకోము. జకాత్ అర్హుడైన వ్యక్తికి సొంతం కావాలన్నది ఎక్కువమంది ఉలమాల అభిప్రాయం. కనుక జకాత్ పేద రోగి వైద్య ఖర్చుకే వెళుతుంది. పరికరాలకు ప్రత్యేకంగా ఇచ్చిన విరాళాలే వాడాలి. అందులోనూ మొదటి రూపాయి లేడీ డాక్టరుకు, నర్సుకు, నొప్పి మందుకు. ఆ తర్వాతే హెడ్‌సెట్.

రోగానికి వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) ప్రోత్సహించారు. ఆ వైద్యం వరకు వచ్చిన సోదరిని భయంతో వెనక్కి పంపకపోవడం మన బాధ్యత. మీ ఇంట్లో తల్లి, భార్య, అక్కచెల్లెళ్లు ఏదైనా పరీక్ష వాయిదా వేస్తున్నారేమో ఈ రోజే అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు ఖర్చు లేదు.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించి, మన ఇళ్లలోని స్త్రీలందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.