మీకు తెలుసా? సన్నని తీగే లేజర్ అయింది

నాగార్జున విశ్వవిద్యాలయం నుంచి 1977లో బీఎస్సీ పూర్తిచేసిన చెన్నుపాటి జగదీష్, కృష్ణా జిల్లా వల్లూరుపాలెంలో పుట్టి, 1990లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చేరి, కాంతినిచ్చే అర్ధవాహకాల పరిశోధనలో ప్రపంచ ప్రసిద్ధులయ్యారు.

అర్ధవాహకంలో ఎలక్ట్రాన్ పైశక్తిస్థాయి నుంచి దిగి, ‘రంధ్రం’ అనే ఖాళీని నింపినప్పుడు విడుదలయ్యే శక్తి సిలికాన్‌లో చాలావరకు వేడిగా వృథా అవుతుంది. గాలియం ఆర్సెనైడ్‌లో మాత్రం అది సుమారు 870 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంగల, కంటికి కనిపించని పరారుణ కాంతిగా వెలువడుతుంది. అయితే ఈ పదార్థాన్ని తలవెంట్రుకకన్నా వందలరెట్లు సన్నని నానోతీగగా పెంచితే, పరిమాణంతో పోల్చినప్పుడు ఉపరితలం విపరీతంగా పెరిగి, అక్కడి లోపాలు ఎలక్ట్రాన్లను పట్టేసి కాంతిని పుట్టకముందే చంపేస్తాయి.

ఈ చిక్కును విడదీసిన తీరే అన్నిటికన్నా ముచ్చటైనది. జగదీష్ బృందం తీగచుట్టూ అల్యూమినియం కలిసిన గాలియం ఆర్సెనైడ్ పొరను తొడిగి, ఆ పొర గాలి తగిలి పాడవకుండా పైన మరో పలుచని గాలియం ఆర్సెనైడ్ పూతను పెంచి లోపాలను అణచింది. తీగ రెండు కొనలే అద్దాలై కాంతిని అటూఇటూ తిప్పి బలపరచగా, గది ఉష్ణోగ్రత వద్దే లేజర్ వెలిగిందని 2013లో ‘నేచర్ ఫోటోనిక్స్’ పత్రికలో ప్రకటించింది. ఆ తీగను ఉత్తేజపరచింది విద్యుత్తు కాదు, బయటి నుంచి ప్రసరింపజేసిన మరో లేజర్ కాంతి. నేరుగా విద్యుత్తుతో నడిచే నానోతీగ లేజర్‌ను తయారుచేయడం ఇంతకన్నా కష్టమైన పని.

2022లో ఆయన ఆస్ట్రేలియన్ అకాడమీ ఆఫ్ సైన్స్ అధ్యక్షులయ్యారు.