బోదకాలు మాత్ర వెంట నాలుగేళ్లు

ఉభయ గోదావరి జిల్లాల్లో ఏళ్ల తరబడి ఆరోగ్య కార్యకర్తలు ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి పంచిన మాత్ర ఒకటుంది. ఊళ్లో దాన్ని బోదకాలు మాత్ర అంటారు. దాని అసలు పేరు డైఇథైల్‌ కార్బమజీన్‌ సిట్రేట్‌, పొట్టిగా డీఈసీ. అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో 1947లో ఈ మందును వెలికితీసిన బృందానికి పెద్ద, మన భీమవరంలో 1895 జనవరి 12న పుట్టి, రాజమండ్రిలో బడికి వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇదే మందు బీఫార్మసీ ఆరో సెమిస్టర్‌ మెడిసినల్‌ కెమిస్ట్రీలో పాఠంగా ఉంది. దాని తయారీ చర్యలు విద్యార్థులు పరీక్షలో రాయాలి.

ఈ కోర్సు నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ఇంటర్లో ఎంపీసీ చదివినవాళ్లూ బైపీసీ చదివినవాళ్లూ ఎంసెట్‌, అంటే ఇప్పటి ఈఏపీసెట్‌ ద్వారా చేరవచ్చు. ఎంపీసీ వాళ్లకు మొదట్లో జీవశాస్త్రం, బైపీసీ వాళ్లకు లెక్కలు విడిగా చెప్తారు. పాఠ్యప్రణాళికను ఫార్మసీ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా నిర్ణయిస్తుంది కాబట్టి భీమవరంలో చదివినా భోపాల్‌లో చదివినా పాఠాలు అవే. అయినా మన ఇళ్లలో ఈ చదువు గురించి తెలిసింది తక్కువ. మెడిసిన్‌లో సీటు రానివాళ్ల చదువనీ, మందుల షాపు పెట్టుకోవడానికి పనికొస్తుందనీ చాలామంది అనుకుంటారు. అది ఎంత పొరపాటో తెలియాలంటే ఆ ఒక్క మాత్ర వెంట నడిస్తే చాలు.

మొదటి ఏడాది మాత్ర జోలికి పోరు. ఆ మాత్ర వెళ్లే చోటు, అంటే మన శరీరం ఎలా పనిచేస్తుందో ముందు చదువుతారు. ధవళేశ్వరం ఆనకట్ట కింద బతికేవాళ్లకు ఇందులో ఒక భాగం తేలిగ్గా బోధపడుతుంది. డెల్టాలో నీరు తెచ్చే పంట కాలువలు వేరు, మిగులు నీటిని తీసుకుపోయే మురుగు కాలువలు వేరు. ఒంట్లో రక్తనాళాలు మొదటి పని చేస్తే శోషరస నాళాలు రెండో పని చేస్తాయి. బోదకాలు పురుగు కాపురం పెట్టేది ఈ రెండో వాటిలోనే. వూకరేరియా బాంక్రాఫ్టి అనే సన్నటి దారంలాంటి పురుగు అందులో ఏళ్ల పాటు బతుకుతుంది. నాళాలు ఉబ్బి పాడైతే ద్రవం కాలులోనే నిలిచిపోతుంది. జబ్బులో అవయవం ఎలా మారుతుందో చెప్పే పాథోఫిజియాలజీ రెండో సెమిస్టర్లోనే వస్తుంది.

అదే సెమిస్టర్లో బయోకెమిస్ట్రీ కూడా ఉంది. కండరానికి శక్తినిచ్చే ఏటీపీ గురించి అక్కడ చదువుతారు. 1920లలో హార్వర్డ్‌లో ఫిస్క్‌ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌నూ ఏటీపీనీ బయటపెట్టింది కూడా సుబ్బారావే. రక్తంలో భాస్వరాన్ని నీలిరంగు గాఢతతో కొలిచే ఫిస్క్‌-సుబ్బారావు పద్ధతి 1925 నాటిది.

ఇక రసాయన శాస్త్రం. రెండో సెమిస్టర్‌ నుంచి ఆర్గానిక్‌ కెమిస్ట్రీ చదివించేది, అణువులో చిన్న ముక్క మారిస్తే మందు గుణం ఎలా మారుతుందో పట్టుకోవడానికి. డీఈసీకి మూలం పైపరజీన్‌ అనే ఆరు పరమాణువుల వలయం. అందులో నాలుగు కార్బన్లు, ఎదురెదురుగా రెండు నైట్రోజన్లు ఉంటాయి. ఉత్త పైపరజీన్‌ ఏలికపాములకు మందు. ఒక నైట్రోజన్‌కు మిథైల్‌ గుంపు, రెండోదానికి డైఇథైల్‌ కార్బమైల్‌ గుంపు తగిలిస్తే అది బోదకాలు మందవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఈ జబ్బు సోకడంతో అక్కడ పరిశోధన ఊపందుకుంది. లెడర్లీలో రకరకాల రసాయనాలను ఫైలేరియా పురుగులున్న కాటన్‌ ర్యాట్‌ అనే ఎలుకల మీద పరీక్షించి దీన్ని ఏరారు.

నాకు ఈ చదువంతటిలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఫార్మకాలజీ, అంటే మందు ఒంట్లో ఏం చేస్తుందో చెప్పే శాస్త్రం. డీఈసీ అక్కడ ఒక వింత చూపిస్తుంది. మైక్రోఫైలేరియాలను, అంటే ఈ పురుగు పిల్లలను, గాజు పాత్రలో వేసి, మన రక్తంలో ఉండే మోతాదులో మందు కలిపితే అవి చావవు, హాయిగా కదులుతూనే ఉంటాయి. అదే మందు మనిషి మింగితే కొద్ది గంటల్లో రక్తంలో వాటి సంఖ్య పడిపోతుంది. మందు ఒక్కటే చంపడం లేదు. అది పిల్ల పురుగులను మన రోగనిరోధక కణాలకు పట్టిస్తుంది, ఆ కణాలు పని పూర్తి చేస్తాయి. ఇది ఎలా జరుగుతుందన్న లెక్క శాస్త్రవేత్తలకే ఇంకా పూర్తిగా తేలలేదు. మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వచ్చేదీ ఇందువల్లే. రక్తంలో పురుగులు ఎక్కువున్నవాళ్లకే అవి ఎక్కువ. జ్వరం వచ్చిందని మాత్రను తిట్టుకుని మరుసటేడు పారేసిన ఇళ్లున్నాయి. ఆ జ్వరానికి కారణం ఏమిటో గుమ్మంలో నిలబడి చెప్పగలిగే మనిషి ఉంటే అలా జరగదు.

మింగిన మందు ఎంత వేగంగా రక్తంలో చేరుతుంది, ఎప్పుడు బయటికి పోతుంది అన్నది బయోఫార్మాస్యూటిక్స్‌ పని. డీఈసీలో చాలా భాగం మూత్రంలో పోతుంది. మూత్రం క్షారంగా ఉంటే మందు ఒంట్లో ఎక్కువసేపు ఆగుతుంది, ఆమ్లంగా ఉంటే త్వరగా వెళ్లిపోతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు ఎందుకు తగ్గించాలో ఇక్కడే లెక్కకట్టి నేర్చుకుంటారు.

మందు కనిపెట్టడంతో పని అయిపోదు, దాన్ని మాత్ర చేయాలి. పొడిని రేణువులుగా కట్టి, ఆరబెట్టి, మిషన్లో పంచ్‌ చేస్తారు. తయారైన మాత్రలను తిరిగే డ్రమ్ములో వంద చుట్లు దొర్లించి తూస్తారు. ఒక శాతానికి మించి రాలితే ఆ బ్యాచ్‌ పనికిరాదు. పూత లేని మాత్ర 37 డిగ్రీల నీటిలో పదిహేను నిమిషాల్లోపు విడిపోవాలి. డీఈసీకి చెమ్మ పీల్చే గుణం కొంత ఉంది. వానాకాలంలో ఉప్పు నీరుకారే కోనసీమ ఇళ్లలో అలాంటి మందును స్ట్రిప్‌లోంచి తీసి డబ్బాలో పోసుకోవడం ఎందుకు తప్పో ఫార్మాస్యూటిక్స్‌ చదివినవాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు. తర్వాత ఏడో సెమిస్టర్లో యంత్రాలతో చేసే పరీక్షలు వస్తాయి. లేబుల్‌ మీద వంద మిల్లీగ్రాములని రాస్తే లోపల నిజంగా అంత ఉందా అని స్పెక్ట్రోఫొటోమీటరూ హెచ్‌పీఎల్‌సీ తేలుస్తాయి. ఈ యంత్రాలను అద్దం వెనక పెట్టి చూపించే కాలేజీలో చదివినవారికీ, వాటిని చేత్తో నడిపించే కాలేజీలో చదివినవారికీ చాలా తేడా ఉంటుంది. చేరే ముందు తల్లిదండ్రులు ల్యాబుల్లోకి వెళ్లి చూడాలి.

మందులన్నీ ఫ్లాస్కులోనే పుట్టవు. ఫార్మకాగ్నసీ ల్యాబులో ఆకులు, బెరళ్లు, వేళ్లు కోసి సూక్ష్మదర్శిని కింద పెడతారు. మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపితే ఎలా పట్టుకోవాలో కూడా అక్కడే తెలుస్తుంది. మన దొడ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్‌ వస్తుంది. అది పిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌కు మందు. అదే జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్‌ సుబ్బారావు బృందం ఫోలిక్‌ ఆమ్లం మీద చేసిన పని నుంచి పుట్టింది. ఆయన ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే వ్యాధితో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఫోలిక్‌ ఆమ్లం తర్వాత ఆ జబ్బుకే మందైంది.

సుబ్బారావు 1920ల మొదట్లో అమెరికాకు ఓడెక్కేనాటికి మన దేశంలో ఫార్మసీకి విశ్వవిద్యాలయ చదువు లేదు. బనారస్‌లో 1932లో మొదలైంది, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1951లో. ఫార్మసీ చట్టం 1948లో వచ్చింది. ఆయన న్యూయార్క్‌లో కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఆ చట్టం ప్రకారం డాక్టరు రాసిన చీటీకి మందు ఇవ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టే. ఐదో సెమిస్టర్లో ఇదంతా పాఠంగా చదివి బయటికొచ్చిన పిల్లలు, తమ సర్టిఫికెట్‌ను ఎవరిదో షాపు గోడకు అద్దెకిచ్చి ఇంట్లో కూర్చోవడం నేరం. షాపులో ఆ కుర్చీ ఖాళీగా ఉంటే నష్టపోయేది మందు కొనుక్కునేవాళ్లు.

చివరి ఏడాదిలోని ఫార్మసీ ప్రాక్టీస్‌, సోషల్‌ ఫార్మసీ మళ్లీ ఊళ్లోకి తీసుకొస్తాయి. సామూహికంగా పంచేటప్పుడు డీఈసీ రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు 100 మిల్లీగ్రాములు, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి 200, ఆపై వయసు వారికి 300. దానితోపాటు ఒక ఆల్బెండజోల్‌ మాత్ర. రెండేళ్ల లోపు పిల్లలకూ గర్భిణులకూ తీవ్రంగా జబ్బుపడినవారికీ ఇవ్వరు. పరగడుపున వేసుకోకూడదు. ఇప్పటికే బాగా వాచిపోయిన కాలును ఈ మాత్ర మామూలు చేయదు. రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకోవడం ఆ కాలికి కావలసిన వైద్యం.

ఈసారి మందుల షాపుకు వెళ్లినప్పుడు చీటీ ఇచ్చి సంచీ అందుకుని వచ్చేయకండి. ఫార్మసిస్టు ఎవరని అడగండి. ఈ మందు తిన్నాక వేసుకోవాలా తినకముందా, నేను వాడే మిగతా మందులతో పడుతుందా, ఏమైనా తేడా చేస్తే ఎవరికి చెప్పాలి అని అడగండి. జవాబు చెప్పడానికే వాళ్లు నాలుగేళ్లు చదివారు.