తలకు తీవ్ర గాయమైనప్పుడు: ‘బతుకుతాడా’ అన్న ఒక్క ప్రశ్న ఎందుకు చాలదు

పుదుచ్చేరి: పట్టణానికి ఉత్తరపు అంచున సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకారుల పేట వైతికుప్పం. మాసి మఖం నాడు ఎన్నో దేవాలయాల ఉత్సవమూర్తులు సముద్ర స్నానానికి తరలివచ్చేది ఈ తీరానికే. అత్యవసర వైద్యం విషయంలో ఈ పేటవారు అదృష్టవంతులనే చెప్పాలి. ఇందిరా గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి పట్టణంలోనే ఉన్నది. ఫ్రెంచివారు 1823లో నెలకొల్పిన వైద్య పాఠశాలకు వారసురాలై, 2008 నాటి చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ హోదా పొందిన జిప్మర్ గోరిమేడులో, కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన తెలుగు పట్టణం యానాంలో పెద్దాసుపత్రి అవసరమైతే సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని కాకినాడ వైపు చూడవలసి ఉంటుంది.

ఉదాహరణకు ఈ పేట యువకుడొకడు రాత్రివేళ శిరస్త్రాణం లేకుండా ద్విచక్ర వాహనంపై వెళ్తూ పడిపోయాడని అనుకుందాం. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే కనుక ఈ ఊహ అసాధారణమైనదేమీ కాదు. యువకుడు అరగంటలో ఆసుపత్రికి చేరాడు. సీటీ స్కాన్ తీశారు, శ్వాస కోసం గొట్టం వేశారు, వెంటిలేటర్‌పై ఉంచారు. వైద్యుడు బయటకు వచ్చి, ‘మెదడు వాచిపోయింది, పుర్రె ఎముక కొంత తీయవలసి రావచ్చు, సంతకం చేయండి’ అంటాడు. తండ్రి అడిగేది ఒక్కటే: ‘బతుకుతాడా, అయ్యా?’ ఆ ప్రశ్న సహజమే. అయితే ఆ తరువాత తీసుకోవలసిన నిర్ణయాలకు దానికి వచ్చే జవాబు సరిపోదు.

3 నుంచి 15 వరకు

వైద్యుల మాటల్లో తరచుగా వినిపించేది ‘జీసీఎస్’. గ్లాస్గో నగరానికి చెందిన వైద్యులు గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ 1974లో ప్రకటించిన కొలమానమిది. రోగి కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 వరకు మార్కులు వేస్తారు. మొత్తం 15 వస్తే పూర్తి స్పృహ ఉన్నట్టు. 8 లేదా అంతకు తక్కువైతే తీవ్ర గాయంగా పరిగణిస్తారు. అతి తక్కువ అంకె సున్నా కాదు, 3.

ఈ అంకెను జాతకంలా చదవకూడదు. మద్యం మత్తు, నిద్రమందులు, పడిపోయిన రక్తపోటు, ఆక్సిజన్ కొరత వంటివి కూడా దీనిని తగ్గించి చూపుతాయి. అందుకే తొలి చికిత్స తరువాత మళ్లీ లెక్కిస్తారు. వయసు, కంటిపాపలు వెలుతురుకు స్పందిస్తున్నాయా లేదా, స్కాన్‌లో కనిపించిన రక్తస్రావం, శరీరంలో ఇతర గాయాలు అన్నీ కలిపి చూసినప్పుడే అంచనాకు కొంత బలం చేకూరుతుంది. అప్పుడైనా అది వందమంది రోగుల గురించి చెప్పే మాటే తప్ప, లోపల మంచం మీద ఉన్న ఒక్కడి గురించి ఖాయంగా చెప్పే మాట కాదు.

తొలి గంటల్లో మాత్రం సందేహానికి తావు తక్కువ. శ్వాస నిలపాలి, రక్తస్రావం ఆపాలి, రక్తపోటు పడిపోకుండా చూడాలి. 40 దేశాల్లో 20,211 మంది క్షతగాత్రులపై జరిగి 2010లో వెలువడిన ‘క్రాష్-2’ పరిశోధన, ట్రానెక్సామిక్ యాసిడ్ అనే చవకైన మందు మరణాలను 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గించిందని తేల్చింది. అయితే గాయమైన మూడు గంటల్లోపు ఇస్తేనే ఆ మేలు. ఆలస్యమైతే కీడు చేసే అవకాశమున్నదని కూడా అదే పరిశోధన చూపింది. దశాబ్దాల పాటు తల గాయాలకు అలవాటుగా ఇస్తూ వచ్చిన స్టెరాయిడ్లు మరణాలను పెంచుతున్నాయని 2004లో పదివేల మందిపై జరిగిన మరో పరిశోధనలో బయటపడింది. ‘ఏదైనా గట్టి ఇంజెక్షన్ ఉంటే ఇవ్వండి’ అని బంధువులు ప్రాధేయపడినప్పుడు వైద్యుడు తల అడ్డంగా ఊపితే, దాని వెనుక ఇటువంటి చరిత్ర ఉన్నది.

ప్రాణం దక్కితే, ఏ స్థితిలో?

పుర్రె ఎముకను కొంత తొలగించి, వాచిన మెదడుకు చోటు కల్పించే శస్త్రచికిత్స గురించి 2016లో వెలువడిన ‘రెస్క్యూ ఐసీపీ’ పరిశోధన ఫలితాలు కుటుంబ సభ్యులు తెలుసుకోదగినవి. మందులకు లొంగని ఒత్తిడి ఉన్న 408 మందిని పరిశీలించారు. ఆరు నెలలకు శస్త్రచికిత్స జరగని వర్గంలో 48.9 శాతం మరణించగా, జరిగిన వర్గంలో 26.9 శాతమే మరణించారు. అంటే నూరు మందికి ఆపరేషన్ చేస్తే 22 మంది అదనంగా బతుకుతున్నారు. ఆ 22 మందిలో ఆరుగురు పరిసర స్పృహ లేని స్థితిలో, ఎనిమిది మంది దైనందిన అవసరాలకు ఇతరులపై ఆధారపడే స్థితిలో మిగిలారు. తక్కిన ఎనిమిది మంది కనీసం ఇంటి మట్టుకు తమ పనులు తాము చేసుకోగలిగారు.

ఈ లెక్కను చూసి ఆపరేషన్ వద్దనుకోవడం కూడా తొందరపాటే. అదే రోగులను ఏడాది తరువాత మళ్లీ చూస్తే, ఇంట్లో స్వతంత్రంగా ఉండగలిగిన స్థితి లేదా అంతకన్నా మెరుగైన స్థితికి చేరినవారు శస్త్రచికిత్స వర్గంలో 45.4 శాతం, మరో వర్గంలో 32.4 శాతం. మెదడు నెలల తరబడి, ఒక్కొక్కసారి సంవత్సరాల తరబడి కోలుకుంటుంది. కనుక సంతకానికి ముందు అడగవలసినది ఇది: ‘ఆపరేషన్ చేస్తే ఏడాదికి ఏ స్థితిలో ఉండవచ్చు? మంచి జరిగితే ఎలా, చెడు జరిగితే ఎలా?’ రోగి స్వయంగా మాట్లాడగలిగితే ఏ స్థితిని భరించగలనని అనేవాడో కూడా కుటుంబం వైద్యునికి చెప్పాలి. ఆ సమాచారం ఏ స్కాన్‌లోనూ దొరకదు.

తొందరపాటు ముప్పు మరొక వైపు నుంచీ ఉన్నది. మెదడుకు ఘోరమైన గాయమైనవారి విషయంలో చికిత్స విరమణ వంటి నిర్ణయాలను కనీసం 72 గంటల వరకు వాయిదా వేయాలని నాడీ అత్యవసర వైద్య నిపుణుల మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. ‘ఇక లాభం లేదు’ అని తొలి రాత్రే వైద్యం ఆపితే రోగి మరణిస్తాడు, అంచనా నిజమైనట్టు కనిపిస్తుంది. ఆ అంచనా తప్పయి ఉండవచ్చునన్న సంగతి ఎవరికీ తెలియకుండానే పోతుంది.

ఇక్కడ ఒక భేదం స్పష్టంగా ఉండాలి. కోమా వేరు, మెదడు మరణం వేరు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల మండలి ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించేది మెదడు మరణం. అది మరణమే, అందులో కోలుకోవడం అన్నది లేదు. కోమాలో ఉన్న వ్యక్తి బతికి ఉన్న రోగి.

డబ్బు, చట్టం, ఇల్లు

మన దేశంలో ఇటువంటి నిర్ణయాలు చాలావరకు వైద్యం మీద కాక, చేతిలోని సొమ్ము మీద ఆధారపడి జరుగుతున్నాయి. ‘వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకువెళ్తున్నాం’ అన్న కాగితంపై సంతకం పెట్టి, వెంటిలేటర్ తీయించి, అంబులెన్స్‌లో ఇంటికి బయలుదేరే కుటుంబాలను ఐసీయూ సిబ్బంది ఎరుగుదురు. అది పేరుకు డిశ్చార్జి, జరిగేది చికిత్స విరమణ. నొప్పి తెలియకుండా చూసే ఏర్పాటేదీ అందులో ఉండదు.

రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసింది. గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల మేరకు చికిత్స లభిస్తుంది. 72 గంటలు వేచి చూడడానికి ఇది నిజమైన ఆసరా. అయితే తీవ్ర తల గాయానికి ఏడు రోజులు ప్రారంభం మాత్రమే.

వేచి చూసిన తరువాత కూడా ఆశ లేదని తేలితే చట్టబద్ధమైన మార్గం ఉన్నది. గౌరవప్రదంగా మరణించే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. ఆచరణలో కష్టంగా ఉన్న విధివిధానాలను 2023 జనవరి 24న సరళం చేసింది. దాని ప్రకారం చికిత్స చేస్తున్న వైద్యునితో పాటు ఇద్దరు నిపుణులుండే ప్రాథమిక మండలి ముందుగా అభిప్రాయం చెప్పాలి. జిల్లా వైద్యాధికారి నియమించిన వైద్యుడు ఉండే రెండవ మండలి దానిని పరిశీలించాలి. ఒక్కొక్క మండలి వీలైనంత వరకు 48 గంటల్లో తేల్చాలి. కుటుంబ సమ్మతి తప్పనిసరి. అమలుకు ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వాలి. రోగి ముందుగా వీలునామా వంటి పత్రం రాయకపోయినా ఈ మార్గం వర్తిస్తుంది.

బతికి ఇంటికి చేరేవారి విషయం మరొకటి. గొంతు గొట్టాన్ని శుభ్రం చేయడం, ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం, పడక పుండ్లు రాకుండా రెండు మూడు గంటలకొకసారి పక్కకు తిప్పడం, కీళ్లు బిగుసుకోకుండా వ్యాయామం చేయించడం ఇంటివారి పనులవుతాయి. వేటకు వెళ్తేనే పొయ్యి వెలిగే ఇంట్లో ఒకరు మంచాన పడితే, చూసుకోవడానికి మరొకరు పని మానుకోవలసి వస్తుంది. ఆ పనులను డిశ్చార్జి నాడు హడావుడిగా చెప్పించుకోవడం కన్నా, రోగి వార్డులో ఉండగానే నర్సుల పక్కన నిలబడి స్వయంగా చేసి నేర్చుకుంటామని కుటుంబం అడగవచ్చు. తొలగించిన పుర్రె ఎముకను ఎక్కడ భద్రపరిచారో, తిరిగి అమర్చడానికి ఎప్పుడు రావాలో కూడా డిశ్చార్జి కాగితంలో రాయించుకోవాలి.