కాఫీశాల : నిర్మాణం, ప్రయోజనం

కాఫీ త్రాగటానికి అయిదు నిమిషాలు చాలు. కాని కాఫీశాలకు వచ్చిన మనిషి అయిదు నిమిషాలలో లేచిపోడు. కాఫీశాల నిర్మాణంలోని అసలు సమస్య ఈ రెండు సత్యాల నడుమనే ఉన్నది. యజమాని అమ్మేది కాఫీ. వచ్చినవాడు కొనుక్కునేది ఆ కప్పుతోపాటు లభించే కుర్చీ, నీడ, నలుగురితో మాటాడుకునే స్వేచ్ఛ. ఈ ఇద్దరి లెక్కలూ ఒకే గదిలో ఎట్లా పొసగగలవో పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆలోచనకు మూలం తరగతిలో జరిగిన ఒక చిన్న సంఘటన. వ్యాసరచన ఇచ్చి, గడువులోగా వ్రాసుకొనిరాని వారిని ఒకనాడు మందలించాను. వారిలో పల్లె నుంచి బస్సులో వచ్చే విద్యార్థిని ఒకతె తలవంచుకొని ఇట్లా అన్నది: “క్లాసులు రెండింటికి అయిపోతాయి సార్. మా ఊరి బస్సు అయిదింటికి. మొగపిల్లోళ్ళయితే టీ అంగట్లో కూర్చుంటారు. మేము బస్టాండులో నిలబడుకోని ఉంటాము. ఇంటికి పోతే పనులు. యాడ కూర్చోని రాసేది సార్?” నేను జవాబు చెప్పలేకపోయాను. గ్రంథాలయం ఉన్నది గదా అని ఎవరైనా అనవచ్చు. గ్రంథాలయానికి మౌనమే ధర్మం. ఇద్దరు కలిసి ఒక లెక్క చేసుకోవటానికీ, ఒక పద్యం అర్థాన్ని వాదించుకోవటానికీ, తెచ్చుకున్న అన్నం డబ్బా విప్పుకోవటానికీ అక్కడ వీలు లేదు. ఇంటికీ, తరగతికీ, గ్రంథాలయానికీ భిన్నమైన నాలుగవ చోటు ఒకటి మనిషికి కావాలి. ఆ చోటు పేరే కాఫీశాల.

ఉర్దూ సోదరులు దీనిని ఖహ్వాఖానా అంటారు. ‘ఖహ్వా’ అనే అరబ్బీ పదమే తుర్కీ, ఐరోపా భాషల మీదుగా మనకు ‘కాఫీ’గా చేరింది. పదునైదవ శతాబ్దిలో యెమెన్ దేశపు సూఫీలు రాత్రివేళ ధ్యానంలో నిద్ర రాకుండా ఈ పానీయాన్ని సేవించేవారు. 1511లో మక్కా నగరాధికారి ఖైర్ బేగ్ దీనిని నిషేధించాడు. కైరోలోని పాలకులు ఆ నిషేధాన్ని సమర్థించలేదు. ఆ శతాబ్ది మధ్యకాలానికి ఇస్తాంబుల్ నగరంలో కాఫీశాలలు వెలిశాయి. అక్కడ చదరంగం ఆడేవారు, కవిత్వం వినేవారు, లోకవార్తలు చెప్పుకునేవారు ఒకే కప్పు క్రింద కూర్చున్నారు. లండనులో మొదటి కాఫీశాల 1652లో తెరవబడింది. ఒక పెన్నీ ఇచ్చి లోపలికి పోయినవాడు పత్రికలు చదువుకోవచ్చు, పండితుల వాదాలు వినవచ్చు. అందువల్ల వాటికి ‘పెన్నీ విశ్వవిద్యాలయాలు’ అన్న పేరు వచ్చింది. ఎడ్వర్డ్ లాయిడ్ అనునతని కాఫీశాలలో నావికులూ, ఓడల యజమానులూ కూర్చుండి చేసుకున్న బేరాల నుంచే లాయిడ్స్ అనే జగత్ప్రసిద్ధ బీమా సంస్థ పుట్టింది. 1675లో రెండవ చార్లెస్ రాజు కాఫీశాలలను మూసివేయవలెనని ప్రకటన చేసి, ప్రజల నిరసనకు జంకి కొద్ది దినాలలోనే ఉపసంహరించుకున్నాడు. పాలకులు భయపడింది పానీయానికి కాదు, నలుగురు కూర్చుని ఆలోచించటానికని ఈ చరిత్ర చెప్పుచున్నది.

మన దేశానికి కాఫీ విత్తనాలు తెచ్చినవాడు బాబా బుడన్ అనే సూఫీ అని ప్రతీతి. యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి ఆయన నాటాడని చెప్పే చిక్కమగళూరు కొండలు నేటికీ ఆయన పేరనే పిలువబడుతున్నాయి. అయితే మన ప్రాంతంలో కాఫీ హోటలు మొదట అందరికీ తలుపు తెరవలేదు. కడప, కర్నూలు జిల్లాలు చేరియుండిన నాటి మద్రాసు రాష్ట్రంలో కొన్ని కులాలవారికి వేరు గదులూ, కొందరికి ప్రవేశమే లేకపోవటమూ ఉండేవి. పల్లెల టీ అంగళ్ళలో రెండు గ్లాసుల దురాచారం అందరమూ ఎరిగినదే. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం పదునైదవ అధికరణంలో అంగళ్ళనూ, భోజనశాలలనూ, హోటళ్ళనూ పేరు పెట్టి పేర్కొని, మత, జాతి, కుల, లింగ, జన్మస్థల భేదాల వలన ఎవరినీ వాటిలోకి రానీయకుండా అడ్డగించరాదని శాసించింది. కనుక కాఫీశాల నిర్మాణంలో మొదటి అంశం తలుపు. చట్టం తెరిచిన తలుపులో ఆడపిల్ల జంకు లేకుండా అడుగుపెట్టగలుగుచున్నదా అన్నది రెండవ ప్రశ్న.

ఇక మనకు ఆదర్శంగా నిలువగల మూడు నమూనాలను చూద్దాము.

మొదటిది ఇండియన్ కాఫీ హౌస్. కాఫీ వాడకాన్ని పెంచుటకై 1936లో బొంబాయిలో ఆరంభమైన ఈ శాలలు క్రమంగా దేశమంతటా విస్తరించాయి. 1950 దశకం మధ్యలో కాఫీ బోర్డు వీటిని మూసివేయసాగింది. ఉద్యోగం పోయిన పనివారు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. 1957లో బెంగుళూరులో మొదటి సంఘం పుట్టింది. ఆ సంవత్సరమే ఢిల్లీలో పనివారే యజమానులైన కాఫీశాల తెరుచుకున్నది. కలకత్తా కాలేజీ వీధిలోని కాఫీ హౌస్, విశ్వవిద్యాలయానికి కూతవేటు దూరంలో, ఆల్బర్ట్ హాలు అనే పాత సభాభవనంలో ఉన్నది. ఎత్తైన కప్పు, మేడమీద చుట్టూ వరండా, ఒక కప్పు కాఫీతో గంటల తరబడి కూర్చునే విద్యార్థులు – దానిని చూచినవారు మరువలేరు.

రెండవది హైదరాబాదు ఇరానీ హోటలు. అక్కడ అమ్మేది చాయ్ అయినా, నిర్మాణ దృష్ట్యా అది మన విషయానికి మిక్కిలి దగ్గరిది. ఇరాన్ నుంచి వలస వచ్చినవారు ఎక్కువగా రెండు వీధులు కలిసే మూలస్థలాలలో ఈ హోటళ్ళు పెట్టారు. మూల కావటం వలన రెండు వైపుల తలుపులు, రెండు వైపుల గాలి, వెలుతురు లభించాయి. పాలరాతి పలకల బల్లలు, చెక్క కుర్చీలు, తలుపు ప్రక్కనే గల్లాపెట్టె. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటలు ఒకనాడు రచయితలకూ, పాత్రికేయులకూ, చిత్రకారులకూ కూడలిగా ఉండేది, నేడది లేదు. నేను ఎం.ఏ. చదివే దినాలలో గ్రంథాల వెదుకులాటకై హైదరాబాదు వెళ్ళి, ఈ హోటళ్ళలో కూర్చుని నోట్సు వ్రాసుకునేవాడిని. పనికి పోయేవారు గల్లాపెట్టె దగ్గర నిలబడే చాయ్ త్రాగి వెళ్ళిపోయేవారు. తీరిక ఉన్నవారు లోపల కూర్చునేవారు. ఒకరికొకరు అడ్డు కాలేదు. వేరొక ఊరి హోటలులో మాత్రం నేను అరగంట కూర్చునేసరికి పనివాడు వచ్చి, శుభ్రంగానే ఉన్న బల్లను మూడుసార్లు తుడిచాడు. ఆ తుడుపులోని భావం గ్రహించి లేచి వచ్చాను. ఆ హోటలులో నిలబడే చోటు లేదు. అందువల్ల కూర్చున్న ప్రతివాడూ యజమానికి బరువుగానే కనిపించాడు.

మూడవది తిరువనంతపురం బస్టాండు సమీపంలో లారీ బేకర్ నిర్మించిన ఇండియన్ కాఫీ హౌస్. స్థలం చిన్నది. మెట్లు లేకుండా, శంఖంవలె చుట్టుకుంటూ పైకి పోయే వాలుదారిగా ఆయన దానిని కట్టాడు. వెలుపలి గోడ ప్రక్కన ఇటుకతోనే బల్లలూ, బెంచీలూ అమర్చాడు. గోడనిండా జాలీ రంధ్రాలు. వాటిగుండా గాలి వస్తుంది, ఎండ చిన్న చిన్న ముక్కలై చల్లబడి వస్తుంది. ఖరీదైన అలంకారం లేకున్నా, ఆలోచన ఉంటే చాలునని ఆ భవనం సాక్ష్యమిస్తున్నది.

ఈ నమూనాల నుంచి ఒక ముఖ్యసూత్రం తేలుతున్నది. కాఫీశాలను నష్టపరచేది చాలాసేపు కూర్చునేవాడు కాదు. నిలబడేవానినీ, కూర్చునేవానినీ ఒకే బల్లకు చేర్చటమే నష్టహేతువు. ఒక ఉదాహరణ తీసుకొందాము. ఇరువదినాలుగు కుర్చీలున్న శాలలో రద్దీవేళ ఒక్కొక్క కుర్చీ గంటకు నలుగురికి పనికివస్తుందనుకుంటే, తొంబదియారు కప్పులు అమ్ముడుపోతాయి. ఆరు కుర్చీలలో ఆరుగురు కదలక కూర్చుంటే పదునెనిమిది కప్పుల బేరం తగ్గుతుంది. కాని తలుపు దగ్గర నిలబడి త్రాగే అరుగు ఒకటి ఉంటే ఆ పదునెనిమిదిమందీ అక్కడే త్రాగిపోతారు. డికాక్షన్ ముందే దిగియుంటుంది గనుక ఫిల్టరు కాఫీ ఒక నిమిషంలో చేతికి అందుతుంది. ఇక మధ్యాహ్నం రద్దీ లేని వేళ మన ఊళ్ళలో కాఫీ హోటళ్ళు చాలావరకు ఖాళీయే. ఆ వేళలో ఒక కప్పుతో మూడు గంటలు కూర్చున్న విద్యార్థి వలన యజమానికి నష్టం లేదు, ఒక కప్పు లాభమే. మన విద్యార్థినికి నీడ కావలసిన సమయమూ ఇంచుమించు అదే.

ఇప్పుడు కమలాపురానికి తగిన గదిని ఊహించుకొందాము. మనది పాపఘ్ని తీరం. వేసవిలో నలుబది డిగ్రీలు దాటే ఎండ. కాబట్టి పడమటి గోడకు కిటికీలు పెట్టక, సామానుల గదినీ, మరుగుదొడ్లనూ ఆ వైపు ఉంచితే అవే ఎండకు అడ్డుగోడగా నిలుస్తాయి. వ్రాసుకునే బల్లలు ఉత్తరపు కిటికీల ప్రక్కన ఉండాలి. ఆ వెలుతురు సంవత్సరంలో ఎక్కువకాలం ఎండ తగలని చల్లని వెలుతురు. నడివేసవిలో వెలుపలి గాలి గదిలోని గాలికంటె వేడిగా ఉంటుంది గనుక మధ్యాహ్నం కిటికీలు మూసి, ఉదయ సాయంకాలాలు తెరవాలి. మన పెద్దల మిద్దె ఇండ్లలో మందపు గోడలూ, కప్పులో గవాక్షులూ ఉండటానికి కారణమిదే: మందపుగోడ వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుంది, గవాక్షి పైకి లేచిన వేడిగాలిని బయటకు పంపుతుంది. పొడిగాలి వీచే మన సీమలో తడిపిన వట్టివేళ్ళ తడికలు కొద్దిపాటి నీటితోనే గదిని చల్లబరుస్తాయి.

బల్లలకు పాలరాయి అక్కరలేదు. దక్షిణదేశమంతటా వంటిళ్ళలో అరలుగా అమరిన నల్లని కడప బండ మన జిల్లా పేరునే మోస్తున్నది. దానిని ఇటుక కాళ్ళమీద పరిస్తే తరతరాలు నిలుస్తుంది. అయితే అది సున్నపురాయి జాతిది. నిమ్మరసం, చింతపులుసు పడితే మెరుగు పోతుంది. వెంటనే తుడవాలి, అప్పుడప్పుడు నూనె పట్టించాలి. బల్ల ఎత్తు రెండున్నర అడుగులు, కుర్చీ ఎత్తు ఒకటిన్నర అడుగు ఉండాలి. ఆ నడుమ ఒక్క అడుగు తేడా ఉంటేనే వ్రాసేవానికి వెన్నునొప్పి రాదు. ఒక్కొక్కరికి రెండడుగుల వెడల్పు చాలు. ఒంటరిగా చదువుకునేవారికి గది నడుమ ఒక పొడవైన బల్ల, మాటాడుకునేవారికి గోడప్రక్కన నలుగురేసి కూర్చునే చిన్న బల్లలు ఉంటే, మాటకూ చదువుకూ స్పర్ధ ఉండదు. రాతినేల, సున్నపుగోడ శబ్దాన్ని తిప్పికొడతాయి. కప్పుక్రింద ఈతచాపలు కడితే ఆ రొద తగ్గుతుంది. నేటి విద్యార్థికి కలముతోపాటు ఫోనూ, లాప్‌టాపూ పనిముట్లే గనుక ప్రతి బల్లకూ కరెంటు ప్లగ్గు కావాలి. ఒక మూల ఉర్దూ, తెలుగు పత్రికలు ఉండాలి.

ఇవన్నీ ఉన్నా, రెండు లేకుంటే ఆడపిల్లలు రారు. ఒకటి శుభ్రమైన, లోపలి నుంచి గడియపడే మరుగుదొడ్డి. రెండవది వీధి నుంచి కనిపించే గది. చీకటి మూలలూ, ‘ఫ్యామిలీ’ తెరలూ రక్షణ కావు. వెలుతురూ, నలుగురి రాకపోకలూ, గల్లాపెట్టె దగ్గర ఒక స్త్రీ కూర్చుని ఉండటమూ రక్షణ. కూతురు ఎక్కడ కూర్చున్నదో తండ్రి బస్సులో పోతూ చూడగలిగితే, ఆ తండ్రి ఆమెను అక్కడ కూర్చోవద్దనడు.

పెద్ద నగరాలలో ఇట్టి శాలలు లేకపోలేదు. 1996లో బెంగుళూరులో మొదలైన కెఫే కాఫీ డే వంటివి, కాఫీతోపాటు కూర్చునే చోటును అమ్మటమే వ్యాపారంగా సాగినవి. కాని అక్కడి కప్పు ధర మన విద్యార్థి బస్సు ఖర్చును మించుతుంది. మనకు తగినది సహకార పద్ధతి. కళాశాల వీధివైపు గది ఒకటి ఇస్తే, విద్యార్థులూ, అధ్యాపకులూ కొద్దికొద్దిగా వాటాలు వేసుకొని నడుపుకొనవచ్చును. కాఫీ హౌస్ పనివారు 1957లో చేసి చూపినది అదే.

కమిటీ పెద్దలకు ఒక మనవి. రంజాన్ మాసంలో ఉపవాసమున్న విద్యార్థికి కాఫీ అక్కరలేదు. కాని బస్సు వచ్చేవరకు నీడ, బల్ల, కుర్చీ ఆ మాసంలోనే అందరికంటె ఎక్కువగా కావాలి. అప్పుడు పగలు పొయ్యి వెలగకున్నా ఆ గది తెరిచి ఉండాలి. ఆనాడు గదిలో కూర్చున్నవారిని లెక్కించి చూడండి. మనము కట్టినది కాఫీ అంగడియా, కాఫీశాలయా అన్నది తేలిపోతుంది. “యాడ కూర్చోని రాసేది సార్?” అన్న ప్రశ్నకు నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను. ఆ బాకీ నాది మాత్రమే కాదు, మన అందరిదీ.