రెండు తులసుల నడుమ మూడవ పరిమళ మెట్లు పుట్టును?

కోహీరు ఎఱ్ఱనేలలలో, జామతోటల గట్లవెంట, వానలు పడినంతనే ఎవరును విత్తకయే మొలచు కుక్కతులసి ఆకును భూతద్దముతో చూచినచో, అడుగున మిలమిలలాడు సూక్ష్మబిందువులు కనబడును, అవియే తైలకోశములు. నలిపితిమా, అవి చిట్లి ఘాటైన పరిమళము వెలువడును. సబ్జాగింజల నిచ్చు రుద్రజడ దీనికి దగ్గరి చుట్టము. రెండును ఒక్కచోట పూచినపుడు, తేనెటీగకు జాతిభేదము పట్టదు గనుక, ఒకదాని పుప్పొడి మఱియొకదాని కీలాగ్రమునకు చేరును. దూరపు జాతులైన వ్యర్థమగు నా పుప్పొడి, సన్నిహిత జాతులగుటచే ఒక్కొక్కప్పుడు విత్తు కట్టించును. నిమ్మవాసన గల తులసి ఇట్టి సంకరమేనని శాస్త్రజ్ఞులు భావింతురు.

అయితే సంకరములన్నియు సంతానవంతములు కావేల? పిప్పరమెంటు మొక్కను చూడుడు. దాని తల్లిదండ్రులలో నీటిపుదీనాకు 96, మన వంటింటి పుదీనాకు 48 క్రోమోసోములు. చెరిసగము కలిసి బిడ్డకు 72 వచ్చినవి. బీజకణము లేర్పడు వేళ అవి సరిగా జతకూడవు. కావున విత్తనము దాదాపు శూన్యము. అయినను నేలబారు కాండములతో ఆ మొక్క నిరాటంకముగా వ్యాపించును! 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయసు దానిని స్వతంత్రజాతిగా నెంచెను. పాపము, క్రోమోసోముల సంగతి ఆనాడెవ్వరికిని తెలియదు.

నిమ్మతులసి మాత్రము, క్రోమోసోముల సముదాయము రెట్టింపై ప్రతిదానికిని జత దొరకుటచే, గండము గడచి విత్తనము పెట్టుచున్నది. రుద్రజడ విత్తును కల్తీలేక కాపాడగోరువారు, పూలు విచ్చకమునుపే కంకికి పలుచని గుడ్డ తొడుగుదురు.